మ్యూజియం ఎవరికి?

ఇది ఒక ప్రశ్నకు జవాబు. ప్రశ్న వేసినవాడు మూర్ఖుడు కాడు. చదువుకున్నవాడు, అభ్యుదయవాది, కళల గురించి పత్రికల్లో నాలుగు మాటలు రాసే మనిషి. 2023 వేసవిలో నేను మా తమ్ముణ్ణి వెంటబెట్టుకుని లండనూ పారిసూ వెళ్ళి, అక్కడి మ్యూజియాలు చూసి తిరిగివచ్చిన తరువాత ఆయన నన్ను కలిశాడు. చాలా సానుభూతితోనే, "మీరు చూశారంటే అర్థముంది. పాపం ఆయన్ని అంత దూరం తిప్పి ఏం ప్రయోజనం? ఆయనకేం అర్థమవుతుంది?" అన్నాడు.

ఈ ప్రశ్న ఆయనొక్కడిదే అయితే ఇంత కాగితం ఖర్చు చెయ్యనక్కర్లేదు. బంధువులు అడిగారు. బాంకులో గుమాస్తా అడిగాడు. వీసా కాగితాలు నింపిపెట్టిన కుర్రవాడు అడిగాడు. వాళ్ళు అడిగారంటే డబ్బు వృథా అవుతుందని అడిగారు. అది లౌక్యం, దానితో నాకు తగాదా లేదు. కాని కళ ప్రజలదని వేదికలెక్కి చెప్పేవాడు అదే ప్రశ్న అడిగితే దాని వెనుక ఒక సిద్ధాంతం ఉన్నట్టు లెక్క. కళ అర్థం చేసుకోగలవాడిది, తక్కినవాడికి దానితో పనిలేదు అనేదే ఆ సిద్ధాంతం. నా జవాబు దానికి.

ముందుగా తమ్ముడి సంగతి. వాడికి 46 ఏళ్ళు. పుట్టేటప్పుడు మెదడు దెబ్బతిన్నది; డాక్టర్లు సెరిబ్రల్ పాల్సీ అంటారు. పట్టుకుంటే పది అడుగులు వేస్తాడు, అంతకు మించితే చక్రాల కుర్చీ. బుద్ధివికాసం కూడా తక్కువే. ఈ మాట దాచను. "శరీరానికే అవిటితనం, బుద్ధి మాత్రం పాదరసం" అని చెప్పి పాఠకుల చేత సెబాసనిపించుకునే పద్ధతి ఒకటుంది. దానిలో బుద్ధి పాదరసం కానివాణ్ణి గుమ్మం బయటే వదిలెయ్యటం ఇమిడి ఉంది. మా వాడికి మాటలు కొద్ది, అవి కూడా ఇంట్లోవాళ్ళకే తెలుస్తాయి. బొమ్మలంటే ప్రాణం. కాలెండరు బొమ్మలు, సినిమా పోస్టర్లు, గుడి గోడల మీది బొమ్మలు ఎంతసేపయినా చూస్తాడు. ఏం చూస్తాడో నాకు తెలియదు. మీరు ఏం చూస్తారో కూడా నాకు తెలియదు.

(ప్రభుత్వంవారు ఇటువంటివారికి "దివ్యాంగులు" అని పేరు పెట్టారు. నేను వికలాంగుడనే రాస్తాను. దివ్యత్వం ప్రసాదించటానికి ఒక ఉత్తర్వు చాలు. వాలుదారి కట్టటానికి సిమెంటు కావాలి. మన దేశంలో ఏది ముందు దొరికిందో అందరికీ తెలిసిందే.)

ఇక అర్థమవటం సంగతి. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో మోనా లీసా ఉన్న గది ఈ సిద్ధాంతాన్ని పరీక్షించటానికి మంచి చోటు. ఆ బొమ్మ 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పు. అద్దం వెనక ఉంటుంది. దాని ముందు వందలాది మంది, అందరూ రెండు కాళ్ళ మీద నిలబడినవారే, అందరూ బుద్ధిమంతులే, చేతులెత్తి ఫోను పట్టుకుని ఉంటారు. కొందరు బొమ్మకు వీపు పెట్టి తమ ముఖం ఫోటో తీసుకుంటారు. సరిగ్గా ఎదురుగోడ మీద పావొలో వెరొనేసె వేసిన కానా పెళ్ళివిందు ఉంది: దాదాపు 7 మీటర్ల ఎత్తు, 10 మీటర్ల వెడల్పు. 1563లో వెనిస్‌లో ఒక మఠపు భోజనశాల కోసం వేసిన ఆ చిత్రాన్ని 1797లో నెపోలియన్ సైన్యం ఊడబెరికి పారిస్ పట్టుకువచ్చింది. ఆ గదిలోకి వచ్చినవారిలో చాలామంది అటు తల కూడా తిప్పరు.

మా కుర్చీని చూసి కాపలా ఉద్యోగి తాడు తీసి ముందుకు పంపాడు. తమ్ముడు మోనా లీసాను ఒక్క నిమిషం చూశాడు. తరువాత నా చెయ్యి లాగి కుర్చీ వెనక్కి తిప్పమన్నాడు. వెరొనేసె ముందు అరగంట కూర్చున్నాడు. విందు, వాద్యగాళ్ళు, వడ్డించేవాళ్ళు, పట్టుబట్టలు, కుక్కలు. కుడివైపు కింద మద్యం కూజా మీద గోళ్ళు గీకుతున్న పిల్లి ఒకటుంది. దాన్ని నాకు వాడు చూపించాడు. నేను ఆ చిత్రం గురించి రెండు పుస్తకాలు చదివి వెళ్ళాను, పిల్లిని చూడలేదు.

ఇక్కడ నా మిత్రుడు, "చూశారా, ఆయనకు మనకంటే సూక్ష్మదృష్టి ఉందన్నమాట!" అని సంతోషించవచ్చు. ఆ సంతోషాన్ని నేను ఒప్పుకోను. పిల్లిని చూశాడు కాబట్టి ప్రవేశం ఇవ్వాలనేదీ, చూడకపోతే అక్కర్లేదనేదీ ఒకే వాదం. ఫోనెత్తి పట్టుకున్న వందల మందిని ఏ పిల్లిని చూశారని ఎవరూ అడగరు. టిక్కెట్టు కొన్నవాడికి మ్యూజియం పరీక్ష పెట్టదు. పరీక్ష పెట్టాలనే ఆలోచన వికలాంగుడు ఎదురైనప్పుడే ఎందుకు పుడుతుంది?

ఆ ఆలోచన కొత్తది కాదు. బ్రిటిష్ మ్యూజియాన్ని 1753లో పార్లమెంటు చట్టంతో స్థాపించినప్పుడు అది విద్యాసక్తీ జిజ్ఞాసా ఉన్నవారందరికీ ఉచితమన్నారు. 1759లో తలుపులు తెరిచారు. ఆచరణలో మాత్రం ముందుగా అర్జీ పెట్టుకోవాలి, అర్జీ మంజూరయితే టిక్కెట్టు ఇస్తారు, కొద్దిమందిని జట్టుగా లోపలికి తీసుకువెళ్ళి తిప్పి పంపిస్తారు. కూలివాడికి అర్జీ రాయటం రాదు, రోజుకూలీ వదులుకుని రెండుసార్లు రాలేడు. "అందరికీ" అనే మాటకు ఆనాడు అర్థం అది. శ్రామికుణ్ణి బయట నిలబెట్టినవారు కూడా వాడికేం అర్థమవుతుందనే అన్నారు. పామరుడికి కావ్యం ఎందుకన్నవారి మీద మన సాహిత్యంలో అభ్యుదయవాదులు దశాబ్దాలపాటు యుద్ధం చేశారు. ఆ యుద్ధంలో గెలిచిన వారసులం మనం, ఇప్పుడు గుమ్మం దగ్గర నిలబడి ఇంకొకణ్ణి అదే మాట అడుగుతున్నాం.

లండన్‌లో మేము చూడదలచింది ముఖ్యంగా బ్రిటిష్ మ్యూజియంలోని మన అమరావతి శిల్పాలు. మాది పాత గుంటూరు జిల్లా. అమరావతి మాకు ఒకపూట ప్రయాణం. కాని ఆ స్తూపం రాళ్ళలో మంచివి కొన్ని మద్రాసులోనూ కొన్ని లండన్‌లోనూ ఉన్నాయి. 1797 ప్రాంతంలో కాలిన్ మెకంజీ ఆ దిబ్బను చూసేనాటికే జమీందారీ పనులకు రాళ్ళు తరలిపోతున్నాయి. పలకలను కాల్చి సున్నం చేసినట్టు కూడా ఆనాటివారు రాశారు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి పలకలను మద్రాసు పంపాడు. అక్కడ ఏళ్ళతరబడి ఎండకూ వానకూ పడివున్న తరువాత 1859లో వాటిని ఓడకెక్కించారు. 1880లో బ్రిటిష్ మ్యూజియం చేరాయి.

మ్యూజియం ముఖద్వారం దగ్గర గొప్ప మెట్లున్నాయి. వాటి పక్కనే లిఫ్టు ఉంది. ఎవరినీ బతిమాలకుండా లోపలికి వెళ్ళాం. అమరావతి గదిలో ఒక పలక ఉంది. రెండువైపులా చెక్కారు: ఒకవైపు పాత కాలపు శిల్పం, తరువాత కొన్ని వందల ఏళ్ళకు దాన్ని తిప్పి రెండోవైపు స్తూపాన్నే చెక్కారు. పాతవైపు బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ చేతులు జోడించిన మనుషులు. తమ్ముడు చాలాసేపు చూసి ఆసనం వైపు వేలు చూపి, "మనిషేడి, అన్నయ్యా?" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఫ్రెంచి పండితుడు ఫూషే నుంచి ఇటీవల సూసన్ హంటింగ్టన్ దాకా శిల్పచరిత్రకారులు వందేళ్ళకు పైగా వాదించుకుంటున్నది దాన్ని గురించే. తొలినాటి శిల్పులు బుద్ధుణ్ణి చెక్కకుండా కావాలని వదిలేశారా, లేక అది బుద్ధుడు వెళ్ళిపోయిన తరువాత జనం కొలుచుకున్న పవిత్రస్థలం బొమ్మేనా? మళ్ళీ చెబుతున్నాను, వాడు ఈ ప్రశ్న అడిగాడు కాబట్టి ఆ గదిలో ఉండటానికి అర్హుడయ్యాడని నేననటం లేదు. ఆ గదిలో ఉన్నాడు కాబట్టి అడగగలిగాడు.

ఇక్కడ ఇంకొక పెద్దమనిషి అడ్డు వస్తాడు. "అందుకే ఆ శిల్పాలు అక్కడే ఉండటం మంచిది. మన దగ్గర ఉంటే మీ తమ్ముడు చూడగలిగేవాడా? ప్రపంచ ప్రజలందరికీ అందుబాటులో భద్రంగా ఉన్నాయి" అంటాడు. దొంగిలించిన గేదెను బాగా మేపుతున్నాడు కనుక దొంగదే గేదె అనే న్యాయం ఇది. ప్రపంచ ప్రజలందరికీ అందుబాటు అనే మాట కూడా అబద్ధం. మా ఇద్దరికీ వీసా రుసుములు, విమానం ఛార్జీలు, బాంకు కాగితాలు, తిరిగివస్తామనే నమ్మకం కలిగించే ఆధారాలు, వాడి వైద్య బీమా, వీటన్నిటికీ నా ఉద్యోగ విరమణ సొమ్ములో ఒక భాగం పోయింది. లండన్‌లో మా మేనకోడలి ఇల్లు లేకపోతే ఆ సొమ్ము కూడా చాలేది కాదు. సత్తెనపల్లిలో మిరపకాయలు తొడిమలు తీసే ఆడమనిషికి కాళ్ళు సవ్యంగానే ఉన్నాయి. ఆమె ఈ జన్మకు ఆ పలకను చూడదు. బ్రిటిష్ మ్యూజియం మెట్ల కంటే ముందు హీత్రో విమానాశ్రయంలో ఒక మెట్టుంది, దానికి లిఫ్టు లేదు. లిఫ్టు పెట్టటం మంచి పని. అది ఆస్తిహక్కు పత్రం మాత్రం కాదు.

ఇప్పుడు నేను రాయబోయే విషయం చదివి ముక్కు చిట్లించేవారు ఉంటారు. కళావ్యాసంలో మరుగుదొడ్డి ప్రస్తావన ఏమిటని అడుగుతారు. యాత్రాచరిత్రలు రాసేవారు దాన్ని ఎందుకు వదిలేస్తారంటే వారికి అది అడ్డం రాలేదు కనుక. 46 ఏళ్ళ మనిషి, తనంతట తాను లేచి కూర్చోలేడు, గుడ్డలు మార్చాలి. మేము వెళ్ళిన ఒక పేరుపడిన మ్యూజియంలో పసిపిల్లలకు గుడ్డలు మార్చే బల్ల గోడకు బిగించి ఉంది. "వికలాంగులకు" అని రాసిన గదిలో గోడకు పట్టుకునే కడ్డీలున్నాయి. పట్టుకుని లేవగలవాడికి అవి చాలు. లేవలేనివాడికి అక్కడ ఉన్నది నేల ఒక్కటే. తువ్వాలు పరిచి మా తమ్ముణ్ణి ఆ నేల మీద పడుకోబెట్టి గుడ్డలు మార్చాను. వాడు కళ్ళు మూసుకున్నాడు. పైన గదుల్లో మానవదేహ సౌందర్యాన్ని కీర్తించే పాలరాతి విగ్రహాలున్నాయి.

ఇది ఎవరికీ తట్టని విషయం కాదు. బ్రిటన్‌లో ఇటువంటి పెద్దవాళ్ళ కుటుంబాలూ సంఘాలూ కలిసి 2006 నుంచి "చేంజింగ్ ప్లేసెస్" అనే పేరుతో ఉద్యమం నడుపుతున్నాయి. పెద్దవాళ్ళు పడుకోగల బల్ల, మనిషిని ఎత్తి దించే యంత్రం, ఇద్దరు సహాయకులు మసలగల జాగా కావాలని వారు అడిగారు. 2021 జనవరి నుంచి ఇంగ్లండులో కొత్తగా కట్టే కొన్ని రకాల పెద్ద ప్రజాభవనాల్లో అటువంటి గది తప్పనిసరి అని నిబంధన వచ్చింది. అంటే పదిహేనేళ్ళు పట్టింది. పాత భవనాల సంగతి ఎక్కడికక్కడే. మ్యూజియం గొప్పదా కాదా అని ఎవరైనా నన్నడిగితే నేను ముందు ఆ గది గురించి అడుగుతాను, చిత్రాల సంగతి తరువాత. నవ్వదలచినవారు నవ్వవచ్చు.

నేల మీద పడుకోబెట్టటం కంటే చిన్న అవమానాలు కొన్ని ఉన్నాయి. మరొకచోట తమ్ముడి చేతిలో పిల్లలకిచ్చే రంగుపెన్సిళ్ళూ సింహం బొమ్మ ఉన్న కాగితమూ పెట్టారు. వాడి జుట్టు నెరిసింది. "ఆయన నీళ్ళు తాగుతారా?" అని నన్ను అడుగుతారు, వాణ్ణి అడగరు. ఇవి ద్వేషంతో చేసే పనులు కావు. పెద్దవాడయిన వికలాంగుడు వాళ్ళ ఊహలో లేడు. వికలాంగుడంటే పిల్లవాడే అయివుండాలి, పెద్దవాడయ్యేసరికి కనిపించకుండా పోవాలి. మన దగ్గర కూడా ధర్మసంస్థల పోస్టర్ల మీద ఎప్పుడూ పిల్లలే ఉంటారు, నలభై దాటినవాడి బొమ్మకు చందా రాలదు.

ఇక విదేశాలకు వెళ్ళివచ్చి అక్కడి సంస్కారాన్ని పొగిడేవారి సంగతి చూద్దాం. "అక్కడివాళ్ళ సంస్కారమే వేరు, మానవత్వం చూడాలంటే అక్కడే చూడాలి" అని మొదలుపెడతారు. వాళ్ళు చూసింది వాలుదారిని, దాని వెనుక చరిత్రను కాదు. అమెరికాలో 1973 చట్టంలో వివక్ష చూపరాదని ఒక్క సెక్షను రాసి, దాని నిబంధనలను నాలుగేళ్ళు తొక్కిపెట్టారు. 1977 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వందమందికి పైగా వికలాంగులు ప్రభుత్వ కార్యాలయంలోకి వెళ్ళి కూర్చుని మూడువారాలకు పైగా కదలలేదు. వారికి వేడి అన్నం తెచ్చిపెట్టినవారు సంస్కారవంతులైన మ్యూజియం ట్రస్టీలు కారు, నల్లవారి బ్లాక్ పాంథర్ పార్టీవారు. 1990 మార్చి 12న వాషింగ్టన్‌లో పదుల సంఖ్యలో వికలాంగులు చక్రాల కుర్చీలు వదిలి పార్లమెంటు భవనం మెట్ల మీద పాకుతూ పైకి ఎక్కారు. వారిలో ఎనిమిదేళ్ళ పిల్ల కూడా ఉంది. ఆ జూలైలో చట్టం వచ్చింది. బ్రిటన్‌లో 1990లలో వికలాంగులు నడివీధిలో బస్సులకు తమను తాము సంకెళ్ళతో కట్టేసుకున్నారు, పోలీసులు పట్టుకుపోయారు. 1995లో చట్టమయింది. భవనాల్లో అడ్డంకులు తొలగించాలనే భాగం 2004 అక్టోబరు దాకా అమలుకు రాలేదు. లండన్ బస్సు డ్రైవరు మీట నొక్కగానే మా కుర్చీ కోసం బయటికి జారిన పలక ఆ సంకెళ్ళ ఫలితం. సంస్కారమే కారణమైతే సంకెళ్ళెందుకు?

ఆ సంస్కారం భూమికి కిందికి దిగితే ఎంతుందో కూడా చూడవచ్చు. లండన్ భూగర్భ రైలుకు 272 స్టేషన్లు. మెట్లు లేకుండా రైలుదాకా పోగలిగినవి సుమారు మూడోవంతు. బ్రిటిష్ మ్యూజియానికి దగ్గరలోని హోబర్న్‌లో, రసెల్ స్క్వేర్‌లో చక్రాల కుర్చీతో దిగలేం. పారిస్‌లో 1900లో మొదలైన మెట్రోలో ఆసాంతం కుర్చీతో తిరగగలిగిన మార్గం 14వ నంబరు ఒక్కటే. లూవ్ర్‌లో వికలాంగుడికీ అతని వెంట ఉన్న మనిషికీ ప్రవేశం ఉచితం. సహాయకుడు విహారానికి వచ్చినవాడు కాడని గ్రహించినందుకు మెచ్చుకోవాలి. 1989లో కట్టిన గాజు పిరమిడ్ కింద మెలిక మెట్ల మధ్య గుండ్రని లిఫ్టు ఉంది, పైకప్పు లేకుండా బావిలో బొక్కెనలాగా పైకీ కిందికీ వస్తుంది. (తమ్ముడు దాన్ని రెండోసారి ఎక్కించమని పేచీ పెట్టాడు. ఎక్కించాను.) కాని ఉచితమైన ఆ గుమ్మం దాకా మెట్రోలో రావటానికి దారి లేదు. పారిస్‌లో మేము టాక్సీలకు పోసిన డబ్బుతో నాలుగుసార్లు టిక్కెట్లు కొనవచ్చు.

అందం చెడిపోతుందనే వాదం ఇంకొకటి మిగిలింది. దీన్ని చెప్పేవారు కళాప్రియులు కనుక కొంచెం గౌరవంగా వినాలి. 2020లో ఏథెన్స్ అక్రోపోలిస్ కొండ మీద కాంక్రీటు దారులు పోశారు; ఆ డిసెంబరు 3న కొత్త లిఫ్టు ప్రారంభించారు. 2004 పారాలింపిక్స్‌కు పెట్టిన పాత లిఫ్టు అప్పటికే నమ్మదగనిదయింది. పెద్ద గొడవ జరిగింది. పురాతన శిలను కాంక్రీటుతో కప్పారనీ, తగినంత పరిశీలన లేకుండా తొందరపడ్డారనీ పురావస్తు శాస్త్రజ్ఞులు చెప్పిన అభ్యంతరాల్లో వినవలసినవి ఉన్నాయి. ప్రభుత్వాలు వికలాంగుణ్ణి ముందు పెట్టి వెనుక టూరిస్టు గుంపుల కోసం రోడ్లు వేసుకోవటం కూడా ఎరుగని విషయం కాదు. కాని ఆ గొడవలో ఒక గొంతు మాత్రం వేరుగా వినిపించింది. పవిత్రమైన కొండకు మెట్లూ రాళ్ళే శోభ, వాలుదారి అపచారం అనేది ఆ గొంతు. వారికి గ్రీకు చరిత్ర తెలియదు. పెరిక్లీస్ నాటి అక్రోపోలిస్ ముఖద్వారానికి దారితీసింది వెడల్పాటి వాలుదారి. పండుగనాడు ఊరేగింపూ బలి ఇచ్చే పశువులూ దాని మీద నడిచివెళ్ళేవి. పాలరాతి మెట్లు తరువాత రోమన్లు కట్టారు. ఎపిదౌరస్‌లో వైద్యదేవుడి ఆలయాలకు రాతి వాలుదారులుండటానికి కుంటివారూ రోగులూ అక్కడికి రావటమే కారణమని 2020లో డెబ్బీ స్నీడ్ అనే పండితురాలు వాదించింది. 2,400 సంవత్సరాల నాడు ఎద్దు నడిచివెళ్ళిన కొండకు మనిషి కుర్చీలో వెళితే అపచారమట!

ముట్టుకోనిస్తే కళాఖండం పాడవుతుందనేదీ ఇటువంటిదే. అన్నిటినీ ముట్టుకోవాలని ఎవరూ అనరు. 1913లో ఇంగ్లండులో సండర్‌లండ్ అనే నౌకల, బొగ్గు గనుల పట్నంలో చార్ల్‌టన్ డీస్ అనే మ్యూజియం అధికారి గుడ్డిపిల్లలను పిలిచి జంతువుల బొమ్మలను చేత్తో తడిమి చూడనిచ్చాడు. ఇటలీలో అంకోనాలో ఆల్డో గ్రసీని, దానియేలా బొత్తెగోనీ అనే అంధ దంపతులు పూనుకుంటే 1993లో ఓమెరో స్పర్శ మ్యూజియం ఏర్పడింది. అక్కడ ప్రసిద్ధ శిల్పాల నమూనాలే కాదు, అసలు విగ్రహాలు కూడా చేత్తో చూడవచ్చు. 1999లో దానికి ప్రభుత్వ మ్యూజియం హోదా వచ్చింది. మన ఢిల్లీ జాతీయ మ్యూజియంలో 2015లో అనుభవ్ అనే స్పర్శ ప్రదర్శన మొదలయింది. కనుక సాధ్యాసాధ్యాల చర్చ 1913లోనే ముగిసింది. మిగిలింది ఇష్టాయిష్టాల చర్చ.

మన దేశం సంగతికి వస్తే విదేశీ సంస్కారాన్ని పొగిడేవారికి సరిగ్గా ఎదురు వర్గం ఒకటి లేస్తుంది. "మనకు లిఫ్టులు లేకపోతేనేం, మనుషులున్నారు. నలుగురూ చెయ్యివేసి ఎత్తుకుపోతారు. ఆ ఆప్యాయత అక్కడేదీ?" అంటారు. ఆ ఆప్యాయత నాకు తెలుసు. మన రాష్ట్రంలోనే ఒక మ్యూజియం ముందు పధ్నాలుగు మెట్లు. కాపలాదారు నిజంగా మంచివాడు. "దానికేముంది సార్, ఎత్తుకెళ్తాం" అని ఇంకో ముగ్గుర్ని కేకేశాడు. నలుగురూ కుర్చీతో సహా తమ్ముణ్ణి పైకి లేపారు. ఐదో మెట్టు దగ్గర కుర్చీ ఒక పక్కకు ఒరిగింది. వాడు అరిచాడు. చుట్టూ జనం మూగారు, ఒకాయన ఫోటో తీశాడు. పైకి చేరాక వాడు ఒక్క విగ్రహాన్నీ చూడలేదు. దిగటం గురించే భయపడుతూ నా చొక్కా పట్టుకు కూర్చున్నాడు. నలుగురికీ నేను డబ్బిచ్చాను, దండం పెట్టాను. లిఫ్టుకు దండం పెట్టనక్కర్లేదు. దానికి విసుగు రాదు, భోజనానికి వెళ్ళదు, ఈరోజు మనుషులు తక్కువగా ఉన్నారు రేపు రమ్మనదు. మనుషుల మంచితనం మీద ఆధారపడి బతకమని ఒకణ్ణి శాసించటంలో మంచితనం లేదు. రైతుకు అప్పు పుట్టాలంటే షావుకారు దయ ఉండాలనటం లాంటిదే ఇదీ.

చట్టాలు మనకు లేక కాదు. సాంస్కృతిక జీవితంలో పాల్గొనే హక్కు వికలాంగులకుందని చెప్పే ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 2006 నాటిది. మన దేశం 2007లో ఆమోదించింది. 2016 చట్టం 29వ సెక్షనులో కళలను వికలాంగులకు అందుబాటులోకి తేవాలని ఉంది. అంతేకాదు, వికలాంగుల చరిత్రకు ఒక మ్యూజియం స్థాపించాలని కూడా ఉంది! ఈ సంగతి ఎంతమంది పాఠకులకు తెలుసు? ఆ మ్యూజియంలో మొదటి ప్రదర్శన వస్తువుగా 2017 నిబంధనల్లోని 15వ నిబంధనను పెట్టవచ్చు. భవనాల ప్రమాణాలను కేవలం సలహాగా మార్చిన నిబంధన అది. చట్టం తప్పనిసరి అంటుంది, నిబంధన వీలుంటే చూడండి అంటుంది. రాజీవ్ రటూరి అనే అంధుడు 2005లో వేసిన దావాలో సుప్రీం కోర్టు 2024 నవంబరు 8న ఆ నిబంధన చట్టవిరుద్ధమని కొట్టివేసి, మూడునెలల్లో తప్పనిసరి ప్రమాణాలు తయారు చెయ్యమన్నది. ఆ తీర్పుకు ఆధారమైన పరిశీలన నివేదికను తయారుచేసింది మన హైదరాబాదు నల్సార్ విశ్వవిద్యాలయంలోని వికలాంగ అధ్యయన కేంద్రం. తెలుగునాట తయారైన నివేదికతో ఢిల్లీలో గెలిచాం. తెలుగునాట మెట్లు ఎక్కడివక్కడే.

ఉచిత ప్రవేశం బోర్డులు మాత్రం మనవాళ్ళు ఉదారంగా రాయిస్తారు. పైకి ఎక్కలేనివాడికి ఉచితంగా ఇచ్చిన టిక్కెట్టుతో ఖజానాకు నష్టం లేదు.

నా మిత్రుడి ప్రశ్న ఇంకా అలాగే ఉందని ఎవరైనా అనవచ్చు: సరే, హక్కుంది, చట్టముంది, కాని ఆయనకు కలిగిన ప్రయోజనమేమిటి? నాకు కలిగిన ప్రయోజనాన్ని ఆయన ఎప్పుడూ లెక్క అడగలేదు. నేను ఏ వ్యాసం రాస్తానో, ఏ ఉపన్యాసంలో లూవ్ర్ పేరెత్తుతానో ఊహించుకుని తృప్తిపడ్డాడు. తమ్ముడు ఉపన్యాసం ఇవ్వడు. ఇంటికి వచ్చాక గోడ మీద మ్యూజియంలో కొన్న ఖాళీ ఆసనం బొమ్మ అంటించమన్నాడు, అంటించాను. చూస్తూ ఉంటాడు.

మన సాహిత్య సభల మాట కూడా ఒకటి అడగవలసి ఉంది. మూడు పట్నాల్లో నేను ఎక్కువగా వెళ్ళే హాళ్ళు మూడూ మేడమీద ఉన్నాయి. ఒకదానికి 22 మెట్లు, ఒకదానికి 31. మూడోదానికి లిఫ్టుంది, అది మరమ్మతులో ఉందని గుమ్మానికి కట్టిన అట్ట రంగు వెలిసింది. వచ్చే సభలో బొమ్మలు కూడా ప్రదర్శిస్తారని విని తమ్ముడు వస్తానంటున్నాడు. ఆహ్వానపత్రంలో ముఖ్య అతిథి పేరు కింద హాలు ఎన్నో అంతస్తులో ఉందో కూడా నిర్వాహకులు ఒక పంక్తిలో అచ్చువెయ్యాలి. మేడమీద అయితే కింద ఉన్న హాలు వెతకటానికి సభకు ఇంకా ఆరువారాల గడువుంది.